ఎకరానికి మూడో ప్యాకెట్

నన్ను ముంచినవాడు గోవర్ధన్. వరసకు నా సడ్డకుడు. నా భార్య అలివేలుకు శోభ అని ఒక చెల్లెలు ఉంది, ఆమె మొగుడు. కోదాడలో విత్తనాల, ఎరువుల దుకాణం నడుపుతాడు. ఆ దుకాణానికి వచ్చే రైతులు వాడిని దేవుడంటారు. అననివ్వండి. నా విషయంలో కూడా వాడు దేవుడి పనే చేశాడు. నేను తప్పు చేస్తుంటే పక్కన నిలబడి చూశాడు, నవ్వాడు, ఊరుకున్నాడు.

మాది వేములపల్లి. మిర్యాలగూడ పక్కన, కాలువ నీళ్ళ కింద వరి తప్ప ఇంకో పైరు సరిగ్గా ఎరగని ఊరు. ఐదుగురు అన్నదమ్ములం, మా నాయనకు ఎకరంన్నర పొలం. ఏడో తరగతి సగంలో బడి మాని నాట్లకూ కోతలకూ తిరిగాను. ఇరవై రెండేళ్ళప్పుడు నడిగూడెం నరసయ్య ఇంటికి ఇల్లిటం వచ్చాను. మగపిల్లలు లేని ఇంట్లో అల్లుడు కొడుకులా ఉండిపోతాడు, ఆ ఇంటి భూమి చేస్తాడు, చివరికి ఆ భూమి అతనికి వస్తుంది. ఇల్లిటం అంటే అది. దానికి కాగితాలుండవు. నరసయ్య ఆస్తి బోరు కింది చెలక, అంటే మెట్ట చేను. పెళ్ళి పందిట్లో ఆయన నా భుజం మీద చెయ్యేసి "బోరు చెలక నీదే అల్లుడా" అన్నాడు, పదిమందీ విన్నారు. ఆ మాట పట్టుకొని ఇరవై నాలుగేళ్ళు బతికాను.

నరసయ్యకు అరవై గొర్రెలు, చేతిలో ఒక కర్ర. గొర్రెలను కర్రతో కొట్టేవాడు, మమ్మల్ని నోటితో. మాకు పిల్లలు కాలేదు. శోభకు కొడుకు పుట్టాడు. పుట్టిన రోజు నుంచి నరసయ్య కళ్ళు కోదాడ వైపే ఉన్నాయి. నేను చూడలేదనుకున్నాడు, చూశాను.

మొన్నటి వానకాలం పంట తీశాక శోభ, గోవర్ధన్ కారులో వచ్చారు. గొర్ల దొడ్డి పక్కన మంచం వేసుకొని నరసయ్య కూర్చున్నాడు. మా ఇద్దరినీ ఎదురుగా నిలబెట్టాడు.

"నాకు ఇద్దరల్లుళ్ళు," అన్నాడు. "ఒకడు ఇరవై నాలుగేండ్లు నా తిండి తిన్నడు. ఒకడు నాకు మనుమణ్ణి ఇచ్చిండు. బోరు చెలక ఎవనికియ్యాల్నో సమజైతలేదు."

"మాట ఇచ్చినవు గద మామా," అన్నాను.

"ఇచ్చిన. మాటిచ్చినప్పుడు నాకు పండ్లున్నయి, ఇప్పుడు లెవ్వు." నవ్వాడు. "ఒక పని చేయుండ్రి. చెలకకు నడుమ గట్టున్నది. తూర్పు మడి నీది, పడమటి మడి గోవర్ధన్‌ది. చెరో ఎకరం. ఈ యాసంగికి మక్క పెట్టుండ్రి. నీళ్ళు ఇద్దరికి సమానం. ఎవని గింజ ఎక్కువ తూగితే మొత్తం చెలక వానిది. ఒకని మడిల ఇంకొకడు కాలు పెట్టిండా, ఓడినట్టే."

గోవర్ధన్ చేతులు కట్టుకొని "మీ ఇష్టం మామయ్యా, మీరెలా అంటే అలా" అన్నాడు. కోదాడ మాట. ఆంధ్ర పక్కనే ఉండబట్టి వాడి నోట్లో మాట జారుతూ వస్తుంది. వింటే నాకు ఒళ్ళు మంట.

గుమ్మంలో నిలబడ్డ అలివేలు అడిగింది. "నాయినా, చెలక బిడ్డ పేరు మీద రాస్తవా, అల్లుని పేరు మీదనా?"

"గెలిసినోని పేరు మీద."

"మరి మేమెందుకు ఇద్దరం?"

"నువ్వు లోపటికి పో," అన్నాను నేను. శోభ అక్క చేయి పట్టుకొని లోపలికి తీసుకుపోయింది.

మక్క, అంటే మొక్కజొన్న, విత్తనం పెట్టేటప్పుడు తాడు పట్టాలి. తాడుకు ముడులుంటాయి. ఇద్దరు చెరోపక్క తాడు లాగి పడతారు, ఆడకూలీలు ముడి ముడికీ ఒక గింజ వేసి మట్టి కప్పుతారు. సాలుకు సాలుకు రెండడుగులు, మొక్కకు మొక్కకు జానెడు. ఎకరానికి నాలుగు కిలోల ప్యాకెట్లు రెండు పడతాయి. ఈ లెక్క నరసయ్య ఇంట్లోనే నేర్చుకున్నాను, ఇన్నేళ్ళూ అలాగే వేశాను. తండా నుంచి పుష్పాబాయి గుంపు వచ్చి మొదటి రోజు నా మడి పెట్టింది. రెండో రోజు అదే గుంపు గోవర్ధన్ మడిలో దిగింది.

ఆ పొద్దున గట్టు మీద నిలబడి చూస్తున్నాను. వాడు ఇంకో తాడు తెచ్చాడు. ముడులు అరజానెడుకు ఒకటి ఉన్నాయి. గట్టు పక్క సాలు, దాని తర్వాతి సాలు, మూడో సాలు అదే తాడుతో పెట్టారు. అంతలో మంద కాలువ దిగిందని నరసయ్య కేకేశాడు. గొర్రెలు మళ్ళించి వచ్చేసరికి పెట్టడం అయిపోయింది, కూలీలు సద్ది విప్పుకొని తింటున్నారు.

ఎనిమిదో రోజుకు మొలక లేచింది. నా మడిలో మొక్కకు మొక్కకు మధ్య నల్లమట్టి కనపడుతోంది. గట్టుకు అవతల వాడి మొక్కలు దువ్వెన పళ్ళలా ఉన్నాయి. మూడు సాళ్ళు దాటితే అక్కడి నుంచి కంటికి ఆకులే కనిపిస్తాయి, ఎడం కనిపించదు. లోపలికి దిగి చూద్దామంటే కాలు పెట్టకూడదు.

వరి ఊరివాడిని నేను. నాటులో ఒక్క కుదురు పోయి సందు కనపడితే మా నాయన వీపు మీద తట్టేవాడు. సందుంటే సిగ్గు. ఆ మడిని చూసినకొద్దీ నాకు లెక్క ఒకటే తోచింది. వాడి మొక్కలు నావాటికి రెట్టింపు. రెట్టింపు మొక్కలంటే రెట్టింపు కంకులు. వాడు కంపెనీ మనుషులతో తిరిగేవాడు, కొత్త సంగతి ఏదో తెలిసే ఉంటుంది.

పుష్పాబాయి కూలి డబ్బులకు వచ్చినప్పుడు అడిగాను. "పడమటి మడిల మొత్తం గట్లనే చిక్కగ పెట్టినరా?"

"లేదన్నా. గట్టు పక్క మూడు సాళ్ళే. పందులొచ్చి అంచు తింటయని చిక్కగ పెట్టిచ్చిండు. లోపలంత జానెడే, నీ లెక్కనే."

"ఎంతిచ్చిండు నీకు గిట్ల చెప్పమని?"

"కూలి ఇచ్చిండు. నీ అంతనే ఇచ్చిండు, కాని నిన్ననే ఇచ్చిండు."

అంచు సాళ్ళు చిక్కగా పెట్టడం ఎరగనివాడిని కాదు. నేనూ పెట్టాను, ఎన్నోసార్లు. కానీ ఆ రోజు ఆమె మాట నమ్మబుద్ధి కాలేదు. వాడు నేర్పించిన మాటే అనుకున్నాను. అంత పకడ్బందీగా దాస్తున్నాడంటే అందులో ఏదో ఉందన్నమాట, అనుకున్నాను.

మర్నాడు బస్సెక్కి కోదాడ పోయాను. ఆ రకం విత్తనం వాడి దుకాణంలోనే ఉంది మరి, ఇంకెక్కడికి పోను. దుకాణంలో నలుగురు రైతులు కూర్చొని ఉన్నారు. గోవర్ధన్ లేచి కుర్చీ వేశాడు.

"ఏంటన్నయ్యా ఇలా వచ్చావు?"

"ఒక ప్యాకెట్ కావాలె. మొన్నటి రకమే."

"ఎకరానికి రెండేగా. మూడోదెందుకు?"

"నాకు గాదు. పక్క చెలకోళ్ళు తెమ్మన్నరు."

"ఎవరు వాళ్ళు?"

"నీకు తెల్వదులే."

వాడు నా మొహం చూశాడు. తర్వాత నా గోళ్ళలోని మట్టి చూశాడు. మెల్లగా నవ్వి, లోపలికి వెళ్ళి ప్యాకెట్ తెచ్చి తానే సంచిలో పెట్టాడు. డబ్బులు తీయబోతే చేయి పట్టుకున్నాడు.

"మన మధ్య డబ్బులేంటన్నయ్యా. తీసుకెళ్ళు. వాళ్ళకి బాగా పండాలని చెప్పు."

కూర్చున్న రైతుల్లో ఒకడు "సడ్డకులంటే మీరే," అన్నాడు. నేను టీ కూడా తాగాను.

ఎకరానికి ఎన్ని మొక్కలు బతుకుతాయో వాడికి తెలుసు. రోజూ వందమందికి చెప్పేది అదే. ఆ రోజు నాకు ఒక్క మాట చెప్పలేదు. సంచి చేతికిచ్చి బస్టాండు దాకా మోటారుసైకిల్ మీద దింపి వెళ్ళాడు.

మూడో ప్యాకెట్ నేనూ అలివేలూ వంగి వంగి పెట్టాం. పన్నెండో రోజది. మొలిచిన రెండు మొక్కల మధ్య పుల్లతో గుంట చేసి గింజ వేయడం, ఒక్క ప్యాకెట్టే కాబట్టి సందు విడిచి సందుకు. మూడు రోజులు పట్టింది. అలివేలు నడుము పట్టుకొని లేచి, "ముందుగాల మొలిసినయి వీటిని ఎదగనిస్తయా?" అని అడిగింది. "మక్క సంగతి నీకేం తెలుసు" అన్నాను. తెలుసు. ఆమె పుట్టింది ఆ చెలకలోనే.

నరసయ్య మందతో పోతూ ఆగాడు. "ఏందల్లుడా, నాటేస్తున్నవా? నీళ్ళు పెట్టియ్యాల్నా మడి నిండ?"

ఆదివారం గోవర్ధన్ వచ్చాడు. గట్టు మీద నిలబడి నా మడి అంతా కలియజూశాడు. ఫోన్ తీసి ఫోటో కొట్టుకున్నాడు. "బ్రహ్మాండం అన్నయ్యా. ఇంత చిక్కటి మడి నేనెక్కడా చూడలేదు," అన్నాడు. అబద్ధం చెప్పలేదు.

నెల దాటేసరికి పైరు మోకాలెత్తుకు వచ్చింది. అప్పుడు యూరియా పడాలి. విత్తేటప్పుడు ఒక బస్తా వేశాను, అంతే. జానెడు ఎడం మడికి నాలుగు బస్తాలు చాలు. నా మడికి ఆరైనా చాలవు. ఆ ఏడు యూరియా కరువు. సొసైటీ గోదాం ముందు మనుషుల కన్నా చెప్పులే ఎక్కువ. తెల్లారకముందే వచ్చి వరసలో చెప్పులు పెట్టి, ఆధార్ జిరాక్సు మీద రాయి పెట్టి పోయేవాళ్ళు. మనిషికి రెండు బస్తాలు, మిషిని మీద వేలు పడితేనే.

నాలుగు కావాలంటే ఇద్దరం నిలబడాలి. అలివేలుకు మూడు రోజుల నుంచి జ్వరం. నిలబెట్టాను. ఎండెక్కాక నా వెనక నుంచి మెల్లగా అంది.

"నా తోని అయితలేదు. జర నీడకు పోయొస్త."

"పోతే వరస పోతది."

"చెప్పులు ఉంటయి గద."

"చెప్పులకు వేలుంటదా?" అన్నాను. ముందున్నవాళ్ళు నవ్వారు. నాకూ ఆ మాట బాగానే అనిపించింది.

మా ముందు ఏడుగురు ఉన్నారనగా ఆమె పడిపోయింది. ఆడవాళ్ళు చేరి మొహాన నీళ్ళు చల్లారు. "దవాఖానకు తీసుకపోవయ్యా" అని ఒకామె నన్ను తిట్టింది. ఏడుగురు. పొద్దున నాలుగింటి నుంచి నిలబడి ఏడుగురి దగ్గర వదిలిపెట్టి పొమ్మంటే ఎవరు పోతారు? ఆమెను గోడకు ఆనించి కూర్చోబెట్టాను. మా వంతు వచ్చినప్పుడు లేపి తీసుకొచ్చి, వేలు పట్టుకొని మిషిని మీద నేనే పెట్టాను. చెమటకు రెండుసార్లు తీసుకోలేదు. ఆమె కొంగుతోనే తుడిచి మూడోసారి పెడితే తీసుకుంది. నాలుగు బస్తాలు ఆటోలో వేశాను. బస్తాల మీద ఆమెను పడుకోబెట్టాను. చెలక దారిలోనే ఉంది కాబట్టి ముందు బస్తాలు దింపి, తర్వాత సూర్యాపేట దవాఖానకు తీసుకుపోయాను.

ఒంట్లో రక్తం లేదన్నారు. మూడు రోజులు ఉంచాలన్నారు. శోభకు ఫోన్ చేస్తే కోదాడ నుంచి వచ్చింది. అక్కాచెల్లెళ్ళను అక్కడ వదిలి నేను తిరిగి వచ్చాను. అదను దాటితే యూరియా వేసి లాభం లేదు.

నాలుగు బస్తాలూ ఒకేసారి చల్లాను. వరిలో చల్లినట్టు చేతితో విసిరి, మడి నిండా నీళ్ళు పెట్టాను. దాచుకుంటే తడిసి గడ్డ కడుతుందని ఒక భయం, ఎవరైనా ఎత్తుకుపోతారని ఇంకో భయం. అవతలి మడిలో కూలీలు మొక్క మొక్కకు చిటికెడు చొప్పున మొదట్లో వేసి మట్టి కప్పుతున్నారు. బస్తా అయ్యాక ఆపి వెళ్ళిపోయారు. ఇంతేనా అని నవ్వుకున్నాను.

వారం రోజులకు నా మడి నల్లగా తిరిగింది. ఆకులు కత్తుల్లా లేచాయి. నరసయ్య గట్టు మీద కూర్చొని చాలాసేపు చూశాడు.

"గోవర్ధన్ దానికన్న నీదే జోరుగున్నదిరా," అన్నాడు.

ఇరవై నాలుగేళ్ళలో ఆయన నన్ను మెచ్చుకోవడం అదొక్కసారే. అలివేలు అప్పటికే దవాఖాన నుంచి వచ్చి ఉంది. ఈ మాట చెప్పాను. "మంచిదే" అని, పొయ్యి దగ్గరికి పోయింది.

ఆ నలుపు ఇరవై రోజులుంది. కొసన పూత జూలు తీసే వేళకు, అంటే మొక్కకు ఎక్కువ తిండి కావలసిన వేళకు, కింది ఆకులు కొన నుంచి ఈనె వెంట పసుపు తిరగడం మొదలైంది. రోజుకొక ఆకు పైకి ఎక్కింది. నేను చల్లిందంతా నీళ్ళతో కిందికి దిగిపోయింది, మిగిలింది కాస్తా ఆ గుంపు పంచుకొని తినేసింది. తర్వాత పెట్టిన మొక్కలు వేలెడు లావు కాకుండానే నీడలో సాగి నిలబడ్డాయి. అవి కంకి వేయలేదు. తాము వేయకపోగా పక్కవాటి నోటి దగ్గరిది లాక్కున్నాయి. వరి అయితే చోటును బట్టి పిలక వేస్తుంది, తగ్గించుకుంటుంది, సర్దుకుంటుంది. మక్కకు సర్దుబాటు లేదు. తిండి చాలకపోతే ఉత్త కట్టెగా నిలబడుతుంది.

నరసయ్య ఒక మొక్కను వంచి చూశాడు. దొడ్డి దగ్గర గొర్రెలు కొనడానికి వచ్చిన బేరగాళ్ళు ముగ్గురున్నారు, అలివేలు వాళ్ళకు మజ్జిగ పోస్తోంది.

"సగం గొడ్డుపోయినయి గదరా అల్లుడా," అన్నాడు. "ఇంట్ల ఒకటున్నది సాలదా, చెలక నిండ గూడ పెట్టినవు?"

బేరగాళ్ళు నవ్వారు. పందెం నడుస్తుండగా ముసలాయనతో చెడగొట్టుకోవడం దేనికని నేనూ నవ్వాను. అలివేలు చెంబు కింద పెట్టలేదు, మజ్జిగ ఒలకలేదు. ముగ్గురికీ పోసి, నాకూ పోసింది.

ఇంకో రెండు బస్తాలు పడితే నిలబడుతుందని గోవర్ధన్‌కు ఫోన్ చేశాను. వాడికి ఫోన్ చేయడమంటే ఉమ్మి మింగడమే. అయినా చేశాను.

"స్టాక్ లేదన్నయ్యా. బోర్డు మీద సున్నా రాసి పెట్టాను."

"నీ మడికి నిన్న వేసినవు గద."

"అది నాకోసం ఉంచుకున్నది. పక్క చెలకవాళ్ళకి ఇచ్చావుగా ప్యాకెట్, వాళ్ళనడుగు, ఉంటుందేమో."

ఫోన్ పెట్టేశాడు. మిర్యాలగూడ బస్సెక్కాను. మా అన్న శంకర్ నాటుకోసం ఆరు బస్తాలు తెచ్చి ఇంట్లో పేర్చుకున్నాడు. ఒక్కటి అడిగాను.

"నాకే సరిపోదు. గాడ నీకు మామ లేడా?" అన్నాడు.

"ఒక్కటే అన్నా."

"ఇల్లిటం పోయిననాడు మమ్మల్ని అడిగి పోయినవా?"

చివరికి వదిన కలగజేసుకుంటే ఒక బస్తా ఇచ్చాడు. బస్సు మీద వేసుకొని తెచ్చి, ఈసారి మొక్క మొక్కకు వేశాను. ఎకరంలో సగానికి వచ్చింది. అప్పటికే కంకుల పీచు ఎండింది. ఎండిన పీచుకు ఎరువు వేసి ఏం లాభం? పుష్పాబాయి అటుగా పోతూ చూసి ఆగింది, ఏమీ అనకుండా పోయింది.

మాఘంలో ఒక మధ్యాహ్నం గాలి లేచింది. పెద్ద గాలేం కాదు. సన్నగా సాగిన నా కట్టెలు నడుములు విరిగి ఒకదాని మీద ఒకటి పడ్డాయి. గట్టు అవతల అంచు మూడు సాళ్ళూ పడ్డాయి. వాటి వెనక మడి మొత్తం నిటారుగా ఉంది. పడ్డ సాళ్ళ మీదుగా మొదటిసారి లోపలి దాకా కనపడింది. ఒక్కో మొక్క చేతిమణికట్టంత లావుంది. రెండు మొక్కల మధ్య నుంచి అవతలి చెలక దాకా వెలుతురు కనిపించింది.

ఇద్దరి కంకులూ విరిచాక కాలు పెట్టకూడదన్న నియమం తీరింది. పడమటి మడిలోకి దిగి కోసిన మోళ్ళ దగ్గర కూర్చున్నాను. చెయ్యి చాపి కొలిచాను. జానెడు. ఇంకో చోట కొలిచాను. జానెడు. నరసయ్య ఇంట్లో నేను నేర్చుకున్న లెక్క. నేను అలాగే వదిలేసి ఉంటే ఇద్దరికీ సమానంగా వచ్చేది, యూరియాకు వాడు నాకన్నా కాస్త ముందుండేవాడు, అంతే.

మిషిని వచ్చి గింజ ఒలిచింది. దొడ్డి ముందు కాంటా పెట్టారు. గోవర్ధన్ గింజ ముప్పై ఒక్క క్వింటాళ్ళ నలభై కిలోలు తూగింది. నాది పదిహేడు క్వింటాళ్ళ ఇరవై. నా కుప్పలో గింజ కూడా చిన్నది, కంకుల కొనలన్నీ బోసిగా ఉన్నాయి.

గోవర్ధన్ నా పక్కకు వచ్చి నిలబడ్డాడు. "ప్యాకెట్ అడిగిన రోజే నాకు అర్థమైందన్నయ్యా," అన్నాడు, ఎవరికీ వినపడకుండా.

"చెప్పొచ్చు గద."

"నాకెందుకు చెప్తాడులే అనుకున్నావుగా నువ్వు. చెప్పినా నమ్ముతావా?"

కొట్టాలనిపించింది. కొడితే అందరూ చూస్తారు, ఓడినవాడు కొట్టాడంటారు. చేయి లేవలేదు.

నరసయ్య మంచం మీద నుంచి పిలిచాడు. ఓడించినవాడి మీద కన్నా ఓడినవాడి మీద ఆయనకు ఎప్పుడూ ఆసక్తి ఎక్కువ. నన్ను కాదు, అలివేలును పిలిచాడు.

"బిడ్డా, నీ మొగడు ఓడిండు. మాట ప్రకారం చెలక గోవర్ధన్‌ది. అయితే నువ్వు నోరు తెరిచి అడుగు. తూర్పు ఎకరం మీకు ఇడిసిపెడత. అడిగితేనే."

గోవర్ధన్ మొహం మారింది. నేను అలివేలు వైపు చూశాను. ఒక్క మాట. "ఇయ్యి నాయినా" అంటే చాలు, ఇరవై నాలుగేళ్ళలో సగమైనా నాకు మిగిలేది. ఆమెకు కనపడేట్టు తల ఊపాను కూడా.

ఆమె చెల్లెలి వైపు చూసింది. శోభ వచ్చి అక్క పక్కన నిలబడింది. అప్పుడు తెలిసింది నాకు, సూర్యాపేటలో ఆ మూడు రోజులూ వీళ్ళిద్దరూ ఊరికే కూర్చోలేదని.

"ఎకరం వద్దు నాయినా," అంది అలివేలు. "చెలక మొత్తం శోభకు రాయి. శోభ పేరు మీద. గోవర్ధన్ పేరు మీద గాదు. అట్లయితేనే నేను సంతకం పెడత, తాతల భూమికి బిడ్డల సంతకం గావాలె. లేకుంటే ఇద్దరం పెట్టం, రేపు నువ్వు పోయినంక ఇద్దరల్లుళ్ళు కోర్టుల చుట్టు తిరుగుతరు."

"మామయ్యా, మాట గెలిచినవాడి పేరని కదా," అన్నాడు గోవర్ధన్.

"నువ్వు ఊకో," అంది శోభ. వాడు ఊరుకున్నాడు. ఆ రోజు నాకు దక్కింది అదొక్కటే.

నరసయ్య కర్రతో నేల గీశాడు. "మరి నీకేం కావాలె?"

"ఇల్లు నా పేరు మీద పెట్టు. గొర్లల్ల సగం. నిన్ను సూసుకుంట."

"వీడు?" అని కర్రతో నన్ను చూపించాడు.

అలివేలు నా వైపు తిరిగింది. కోపంగా చూసినా బాగుండేది. బస్సు టికెట్ లేనివాడిని కండక్టర్ చూసినట్టు చూసింది.

"ఇల్లిటం వచ్చింది చెలక కోసమే గద," అంది. "చెలక లేదు. ఇగ ఈడ పనేమున్నది?"

నరసయ్య పళ్ళు లేని నోరు తెరిచి నవ్వాడు, దగ్గు వచ్చేదాకా నవ్వాడు. "నా బిడ్డ," అన్నాడు.

నాలుగు రోజుల తర్వాత తహసీల్ ఆఫీసులో శోభ పేరు మీద పట్టా మారింది. అలివేలు వేలు మిషిని మీద తనే పెట్టింది, మొదటిసారికే తీసుకుంది. సాక్షి ఒకడు తక్కువైతే నన్నే సంతకం పెట్టమన్నాడు నరసయ్య. పెట్టాను. పెట్టనంటే ఇంటి నుంచి నా బట్టలు కూడా రావని తెలుసు.

ఇప్పుడు మిర్యాలగూడలో ఒక రైసుమిల్లులో బస్తాలు మోస్తున్నాను. గోవర్ధన్ ఈ వానకాలం ఆ చెలకను కౌలుకిచ్చాడని విన్నాను. కౌలు డబ్బులు శోభ తీసుకుంటుందట. మక్కే పెట్టారట, జానెడు ఎడంతో.

నేను పోగొట్టుకున్నది నడిగూడెం శివారులో తూర్పు మడి ఎకరం, పడమటి మడి ఎకరం, బోరూ గొర్ల దొడ్డీ ఉన్న జాగా పదకొండు గుంటలు. మొత్తం రెండెకరాల పదకొండు గుంటలు.